శ్రావణికి పిన్ని రాసేది

చి. శ్రావణికి ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి పాతబస్తీ క్లినిక్‌లో కౌన్సెలింగ్ సెషన్లు నువ్వే చూస్తావని అక్క చెప్పింది. గర్వంగా ఉంది. నీ మెత్తని మనసు తెలుసు కనుక బెంగగానూ ఉంది.

దక్కనీ నాలుగు ముక్కలు నేర్చుకో. మాట కుదరకపోతే భర్తనో కూతురినో దుబాసీగా కూర్చోబెట్టకు, వాళ్ళ ముందు చెప్పలేనిదే అసలు బాధ కావచ్చు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ ఉంది, తన బాధను క్లయింటు తన సంస్కృతిలో ఎలా చూస్తోందో అడిగే 16 ప్రశ్నలు, చదువుకుని వెళ్ళు.

క్లయింటు ఎదుట మనలో లేచే భావాలను ఫ్రాయిడ్ 1910లో కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అన్నాడు, అడ్డంకిగానే చూశాడు. క్లయింటును అర్థం చేసుకోవడానికి అవే పనికొస్తాయని 1950లో మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ రాసింది. చిరాకొస్తే నీకే తెలుస్తుంది, సర్దుకుంటావు. నా భయమంతా నీ జాలి గురించి, మొహమాటం గురించి. మంచి గుణాల్లా కనిపిస్తాయి గనక వాటిని ఎవరూ నిలదీయరు.

కొత్తవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న తప్పొకటి చెబుతాను. బురఖాలో ఉన్నావిడ "ఇంక విసుగొచ్చింది, అల్లా తీసుకుపోతే బాగుండు" అంటుంది. వాళ్ళ మతంలో ఆత్మహత్య పాపం కదా, అడిగితే నొచ్చుకుంటుందేమోనని ట్రైనీ నిద్ర గురించి అడిగి మాట మారుస్తుంది. అదే మాట అమీర్‌పేట హాస్టల్ పిల్ల అని ఉంటే వెంటనే అడిగేది! ఆ విశ్వాసం ఆవిడను కాపాడుతోందో, పాపభయమై నోరు నొక్కుతోందో అడక్కుండా ఎలా తెలుస్తుంది? సూటిగా అడుగు: చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగని అనుకున్నారు? అందుకు కావలసింది ఇంట్లో ఉందా? ఇంతకుముందు ప్రయత్నించారా? అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా పంపకు, సూపర్‌వైజర్‌ను అప్పుడే పిలువు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు రాసివ్వు. ఇది మాత్రం సిగ్గుపడి వదిలేశావంటే ఊరుకోను.

జాలి వేరే దారిన వస్తుంది. యాభై నిమిషాల సెషన్ గంటన్నర అవుతుంది, నీ సొంత ఫోన్ నంబరు ఇచ్చేస్తావు, ఆవిడ అడక్కుండానే అత్తగారింటి నుంచి బయటపడే దారులు చెబుతావు. ఆవిడ కోరింది రాత్రి కాస్త నిద్ర.

తెలుగు క్లయింటు వస్తే మనవాళ్ళే కదా అని సగం ప్రశ్నలు మింగేస్తావు చూడు, అదీ ఈ కోవలోదే.

సెషన్ అవగానే పది నిమిషాలు కూర్చుని రాసుకో: ఏ మాట దగ్గర గొంతు బిగిసింది, ఏ ప్రశ్న మింగేశాను, మిగతావాళ్ళకు చేయనిది ఈమెకేం చేశాను. మూడోదే ఎక్కువ పట్టిస్తుంది. ఇది పేర్లు లేకుండా వేరే నోటుబుక్కులో ఉండాలి, కేసు ఫైల్లో కాదు. అది పట్టుకుని సూపర్‌విజన్‌కు, అంటే నీ పని గురించి సూపర్‌వైజర్‌తో మాట్లాడుకునే చోటికి, వెళ్ళు. ఏడుపొస్తే అక్కడ ఏడువు తల్లీ, తప్పేం లేదు.

ఆదివారం భోజనానికి రా. ముద్దపప్పు, ఆవకాయ ఉంటాయి. క్లయింట్ల సంగతులు మాత్రం నాకూ చెప్పకు.

నీ పిన్ని