పగుళ్లొస్తే కన్‌స్ట్రక్షన్ మేనేజర్ మీదకి ఏమొస్తుంది?

ప్రశ్న: గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్‌కి ఫీజు మీద కన్‌స్ట్రక్షన్ మేనేజర్‌గా చేస్తున్నాను. డ్రాయింగ్ నాది కాదు, కాంట్రాక్టూ నాది కాదు. రేపు పగుళ్లొస్తే బాధ్యత నాదా?

జవాబు: డిజైన్ తప్పు ఇంజనీరుది, నాసిరకం పని కాంట్రాక్టరుది. కానీ మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితమూ మీదే. చిక్కంతా అక్కడే.

స్లాబ్ రోజు చూడండి. మే నెల ఎండకి లారీలోనే కాంక్రీటు బిగుసుకుంటుంది, మేస్త్రి పైపు పెట్టి నీళ్లు కలిపేస్తాడు. స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) చూడకుండా పోర్ కార్డు (కాంక్రీటు పోతకి అనుమతి కాగితం) మీద సంతకం పెట్టారా, 28 రోజులకి క్యూబులు (బలం పరీక్షకి పోసిన కాంక్రీటు దిమ్మలు) ఫెయిలైతే నోటీసులో మీ పేరూ ఉంటుంది. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 16 నుంచి 30 ఘనపు మీటర్ల కాంక్రీటుకి 3 శాంపిళ్లు, ఒక్కోదానికి 3 క్యూబులు. తొమ్మిదింటి మీదా తేదీ, ఏ స్లాబో రాయించండి. స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకి (ఓపీసీ) 14 రోజుల దాకా ప్రాప్‌లు (మోసే పోట్లు) కదపనివ్వొద్దు.

నల్లరేగడి నేలైతే సాయిల్ రిపోర్టు లేకుండా పునాది లోతుకి తల ఊపకండి. ‘పక్క బిల్డింగుకి ఇంతే వేశారు’ అన్నది రిపోర్టు కాదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 14 కింద, స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలో నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆ డబ్బు మీ దగ్గర రాబట్టడానికి ఆయన మీ అగ్రిమెంటు తీస్తాడు. అందులో ‘నాణ్యతకు హామీ’ అని ఉంటే కొట్టేయించి ‘పర్యవేక్షణ’ అని రాయించండి, బాధ్యత ఫీజుకి మించదని క్లాజు పెట్టించండి.

ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో జరిగిన పొరపాటుకి పరిహారం కట్టే బీమా) సాధారణంగా క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉండాలి. పని అయిపోయిందని ఆపేస్తే పాత ప్రీమియాలన్నీ నీళ్లలో పోసినట్టే. కాంట్రాక్టరు ఆల్ రిస్క్ పాలసీని నమ్ముకోకండి, అది సైటు నష్టానికి.