తాళం ఆఖరున బిగించు

కంచరపాలెం,
విశాఖపట్నం.

అల్లుడికి ఆశీస్సులు.

ఫోన్లో చెబితే సగం వింటావు, ఆ సగమూ బండి దగ్గరికి వెళ్లేసరికి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. నువ్వు షాపులో తీసి పంపిన సీటు ఫొటోలు మూడూ చూశాను. మూడింట్లోనూ సీటు పైభాగమే ఉంది. రెగ్జిను మెరుస్తోంది, కుట్టు బాగుంది, సంతోషం. నాకు కావాల్సింది దాని అడుగు. తిరగేసి, ఎండలో పెట్టి ఒక ఫొటో తీసి పంపు.

మీ నాన్న హీరో హోండాకి ఆ కొత్త మోడల్ సీటు పడుతుందా అని కదా అడిగావు. పడుతుంది, కాకపోతే తెచ్చి పెట్టగానే కూర్చోదు. ఆ బండికి ఉన్నది రెండు పక్కలా బోల్టులు వేసి బిగించేసిన సీటు. నీకు కావాల్సిందేమో తాళంచెవి తిప్పగానే లేచేది. పాత సీటుకే అడుగు రేకు బాగుచేయించి, కొత్త ఫోము వేయిస్తే ఒక పూటలో అయిపోయే పని. అయితే ఆ రేకు సంగతి నాకూ తెలుసులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు వేపకొమ్మ విరిగి దాని మీదే పడింది. మీ నాన్న సుత్తితో కొట్టి తిన్నగా చేయించాడు గానీ, పెయింటు లేచిపోయిన చోటల్లా అప్పటి నుంచి మన ఉప్పుగాలి తింటూనే ఉంది. కాబట్టి మార్చాలనుకోవడం తప్పేం కాదు. మార్చే వరుస మాత్రం నేను చెప్పినట్టు వెళ్లు: ముందు నాలిక, అంటే సీటు ముందు కొసన టాంకు వెనక దూరే ముక్క, తర్వాత సీటు కింది రబ్బర్లు, ఆ తర్వాత లాక్ కూర్చునే బ్రాకెట్టు, అన్నీ అయ్యాక ఆఖరున లాక్.

అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ అలాగే చేశాను. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేస్తూ, అక్కడ షాఫ్టుకీ బేరింగుకీ వెంట్రుకవాసి తేడా పట్టుకునేవాణ్ణి, ఇంటికొచ్చి నా సొంత బండికి మాత్రం లాక్ ముందు బిగించేసి, సీటు దాని మీదకి నొక్కి, టక్ మన్న చప్పుడు వినపడగానే పనైపోయిందనుకున్నాను. మూడు వారాలు బాగానే తిరిగింది. ఒక శనివారం మీ అత్తతో సింహాచలం వెళ్లి, కొండ దిగి, గోపాలపట్నం దాటాక స్పీడు బ్రేకరు ఎక్కాం. దిగేటప్పుడు సీటు వెనకవైపు లేచిపోయింది. మీ అత్త ఒక చేత్తో ప్రసాదం, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుంది. చొక్కా చిరిగింది, మనిషి పడలేదు. ఎన్‌ఏడీ జంక్షను దాకా బండి తోసుకొచ్చాం. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, అదే నాకు పెద్ద శిక్ష.

మర్నాడు సీటు తిరగేసి చూస్తే అంతా అక్కడే రాసిపెట్టి ఉంది. సీటు వెనక కింద యు ఆకారంలో ఒక కడ్డీ ఉంటుంది కదా, లాక్‌లోని కొండి పట్టుకునేది దాన్నే. ఆ కడ్డీ ఒక పక్కన ఆకురాయి పెట్టి రాసినట్టు మెరుస్తోంది. కొండి అంచు గుండ్రంగా అరిగిపోయింది. సీటు కింద ఉండే నాలుగు రబ్బరు గుండీల్లో వెనక రెండింటి మీద అచ్చులో పోసినప్పటి గీత కూడా చెరగలేదు. అంటే మూడు వారాల్లో అవి ఒక్కసారి కూడా ఫ్రేమును తాకలేదు. నేను లాక్‌ని నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగా బిగించాను. ఇద్దరి బరువూ, మన రోడ్ల గుంతలూ అన్నీ ఆ చిన్న కొండి మీదే పడ్డాయి.

ఈ సంగతి బుర్రలో పెట్టుకో. లాక్ ఉన్నది సీటు పైకి లేవకుండా పట్టుకోవడానికే, బరువు మోయడం దాని పని కాదు. బరువు రబ్బరు గుండీల మీదుగా ఫ్రేము పైపుల్లోకి దిగాలి. ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపాల్సింది టాంకు వెనక దూరే నాలిక.

సరే, మొదటి నుంచి వస్తాను. ఆ సీటు ఇంకా కొనలేదంటున్నావు కాబట్టి, ఆటోనగర్ వెళ్లేటప్పుడు జేబులో టేపు, ఒక శుభలేఖ అట్ట పెట్టుకెళ్లు. బండి దగ్గర ముందే మూడు కొలతలు రాసుకో: సీటు ఆనే చోట ఫ్రేము పైపుల వెడల్పు, బయటి అంచు నుంచి బయటి అంచుకి, టాంకు వెనక అంచు నుంచి సీటు వెనక కొస దాకా పొడవు, టాంకు వెనక మూతి ఎంత వెడల్పు ఉందో అది. ఆ మూతి వంపుని శుభలేఖ అట్ట మీద గీసి కత్తిరించుకుని, షాపులో సీటు ముక్కుకి ఆనించి చూడు. వెడల్పులో కాస్త తేడా ఉంటే సర్దుకోవచ్చు. ముక్కు వంపు కలవకపోతే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయ్. టాంకుకీ సీటుకీ మధ్య వేలు దూరే సందు ఉండిపోతే వానాకాలంలో నీళ్లన్నీ అందులోంచే వైర్ల మీదికి దిగుతాయి.

సీటు ఒక్కటే తెచ్చుకున్నావంటే మళ్లీ తిరగాలి. లాక్, దాని కేబులు, తాళంచెవి దూరే బారెలు చెవితో సహా, నాలిక దూరే ముందు పట్టీ, రబ్బరు గుండీలు, అన్నీ ఒకే బండివి అడుగు. లాక్ కూర్చునే అడ్డపట్టీని కోసి ఇమ్మంటే ఇస్తారు, దాని కొలత నీకు సగం పని తగ్గిస్తుంది. అడుగు ప్లాస్టిక్‌దైతే యు కడ్డీ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయేమో బొటనవేలితో నొక్కి చూడు. పగులు ఉంటే ఇంకోటి వెతుక్కో, దాన్ని ఏ గమ్మూ ఆపదు. బిల్లు తీసుకో. బిల్లివ్వను అన్నవాడి దగ్గర వస్తువు ఎక్కడిదో మనకి తెలియదు.

ఇక బిగింపు. లాక్‌ని పక్కన పడేసి, సీటును ఉత్తినే ఫ్రేము మీద పెట్టు. నాలిక ముందు పట్టీలోకి ఏటవాలుగా దూరి, వెనక భాగం దించినప్పుడు బిగుతుగా కూర్చోవాలి. పైకీ కిందకీ ఒకటి రెండు మిల్లీమీటర్ల కన్నా ఆడితే పట్టీ కింద పల్చని రేకు వేసి ఎత్తు. ఇప్పుడు న్యూస్‌పేపరు పీలికలు నాలుగు చించి, ఒక్కో గుండీ కింద ఒక్కోటి పెట్టి సీటు మీద కూర్చో. ఇంకొకరిని పిలిచి పీలికలు లాగమను. నాలుగింట్లో ఏది జారి వచ్చేసినా ఆ గుండీ బరువు మోయడం లేదన్నమాట. దాని కింద వాషరు వేసి మళ్లీ చూడు. నాలుగూ చిరగాలి గానీ రాకూడదు. ఈ ఒక్క పనికి గంట పట్టినా పట్టనీ.

సీటు కింద ఖాళీ సంగతి ఇంతకన్నా ముఖ్యం. అడుగు రేకుదైతే బ్యాటరీ టెర్మినల్‌కి తగిలిందంటే నిప్పురవ్వలే. మీ అమ్మని అడిగి చపాతీ పిండి నాలుగు ముద్దలు తీసుకో. బ్యాటరీ మీద, వైర్ల కట్ట మీద, వెనక మడ్‌గార్డు మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి సీటు దించు. ఇద్దరు కూర్చుని రెండుసార్లు ఊగండి. తీసి చూస్తే ఎక్కడెంత ఖాళీ మిగిలిందో పిండే చెప్తుంది. పది మిల్లీమీటర్ల కన్నా తక్కువ మందంగా నొక్కుకుపోయిన చోట నాకు నచ్చదు. బ్యాటరీ టెర్మినల్ మీద రబ్బరు తొడుగు మాత్రం ఎలాగూ వేయాలి. పిండి తర్వాత పారేయ్, మీ అమ్మకి చెప్పకు.

బ్రాకెట్టు దగ్గర చాలామంది వెల్డింగు షాపుకి పరిగెడతారు. ఫ్రేముకి వెల్డింగు పెట్టనివ్వకు, పైపుకి కొత్త బెజ్జం కొట్టనివ్వకు. వేడి తగిలిన పైపు ఆ పక్కనే బలహీనపడుతుంది, బెజ్జంలోంచి నీళ్లు దిగి లోపలి నుంచి తుప్పు తింటుంది. నీకు పాత సీటు బోల్టుల బెజ్జాలు ఎలాగూ ఉన్నాయి. వాటికి అడ్డంగా మూడు మిల్లీల మందం, పాతిక మిల్లీల వెడల్పు ఉన్న ఇనప బద్దతో బ్రాకెట్టు చేయించు. ముందు శుభలేఖ అట్టతో నమూనా కత్తిరించి, బండి మీద పెట్టి చూసుకుని, దాన్నే మేస్త్రీకి ఇయ్యి. వెల్డింగు ఏదైనా ఉంటే బండికి దూరంగా, బల్ల మీదే జరగాలి. లాక్ కూర్చునే బెజ్జాలు మాత్రం గుండ్రంగా వద్దు. ఆరు మిల్లీల బోల్టుకి పన్నెండు మిల్లీల పొడవున కోలగా కొట్టించు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

షిప్‌యార్డులో రెండు లోహపు ముఖాలు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడాలంటే ఒకదానికి నీలం రంగు ముద్ద పల్చగా రాసి, రెండోదానికి ఆనించి తీసేవాళ్లం. రంగు ఎక్కడ అంటిందో అక్కడే ఆనుతోందన్నమాట. ఇంట్లో నీలం రంగు ఎక్కడ దొరుకుతుంది? మీ అత్త కాటుక డబ్బాలోంచి వేలికొసంత తీసి, ఒక చుక్క నూనె కలిపి, ఆ యు కడ్డీకి రాశాను. లాక్ బోల్టులు చేత్తో తిరిగేంత వదులుగా ఉంచి, సీటు మెల్లగా దించి నొక్కితే, లాక్ తనంతట తానే కడ్డీకి సరిపడా జరిగి కూర్చుంది. కోల బెజ్జాలు అందుకే. కొండి లోపల నల్ల గీత సరిగ్గా మధ్యలో పడింది. ఒక పక్కకి పడితే మళ్లీ జరిపేవాణ్ణి. ఎత్తు చూసుకునేది కూడా అప్పుడే. సీటు మూసినప్పుడు గుండీలు ఒకటి, రెండు మిల్లీలు నొక్కుకోవాలి. ఆ మాత్రం ఉంటే గలగల రాదు. అంతకన్నా ఎక్కువ నొక్కుకుంటే తాళం తిప్పడానికి బొటనవేలు నొప్పెడుతుంది, నాలుగు రోజులకి తాళంచెవి వంకర పోతుంది. అన్నీ కుదిరాక పది నంబరు పానాతో బోల్టులు బిగించు. తల మీద 8.8 అని గట్టిదనం గుర్తు ఉన్న బోల్టులు, లోపల నైలాను రింగు ఉన్న నట్లు వాడు. బండి వణుకుడికి మామూలు నట్లు వదులైపోతాయి.

కేబులు నడిపేటప్పుడు గట్టి మలుపులు వద్దు, సైలెన్సరుకి దూరంగా ఉంచు, ఒకటి రెండు మిల్లీల లూజు వదులు. అసలు లూజే లేకపోతే కొండి సగం తెరుచుకునే ఉంటుంది. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. ఏదో ఒకరోజు ఆ కేబులు తెగుతుంది. తెగినప్పుడు సీటు మూసే ఉంటుంది, పానాలు సీటు కిందే ఉంటాయి. అందుకని పాత క్లచ్ వైరు ముక్క ఒకటి లాక్ మీటకి కట్టి, దాని కొస సైడు కవరు వెనక బయటికి కనపడకుండా వదిలిపెట్టు. నాకు అది ఒకసారి భీమిలి రోడ్డులో అక్కరకొచ్చింది.

తుప్పు గురించి నీకు చెప్పక్కర్లేదు, మనది సముద్రం పక్క ఊరు. బ్రాకెట్టు కోసిన అంచులు ఆకురాయితో రాసి, రెడ్ ఆక్సైడు వేసి, ఆరాక పెయింటు వేయించు. బెజ్జాల లోపల కూడా. లాక్‌కి గ్రీజు దట్టంగా పూయకు, బీచ్ రోడ్డు ఇసక అందులో అంటుకుని కొండిని అరగదీస్తుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు, నెలకోసారి.

కాగితాల సంగతి. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. నీది అదే ఇద్దరి సీటు కాబట్టి ఆ గొడవ లేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది మాత్రం చూసుకో. వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే కవచం ఉండాలి. కొత్త సీటుకి అడ్డమొచ్చిందని మేస్త్రీ ముందు తీసేసేది ఆ పిడినే, ఆ చీర గార్డునే. మీ అమ్మ పక్కకి కూర్చుంటుంది. పిడి లేని బండి మీద ఆవిణ్ణి ఎక్కించావని తెలిస్తే నేనే వచ్చి తాళంచెవి పట్టుకుపోతాను. ఎత్తు కూడా చూసుకో, కొత్త సీట్లకి ఫోము మందం. ఆవిడ మోకాళ్లు ఆ మాత్రం ఎక్కగలవో లేదో ముందు ఆగి ఉన్న బండి మీద చూడు.

బిగించాక వెంటనే ఘాటు రోడ్డు ఎక్కేయకు. ముందు సీటు వెనక అంచు రెండు చేతులతో పట్టుకుని, బండి వెనకభాగం షాకుల మీద లేచేదాకా లాగు. లాక్ ఆగాలి. యాభైసార్లు తెరిచి మూసి చూడు. తర్వాత ఒంటరిగా, మీ గాజువాక స్పీడు బ్రేకర్ల మీదే తిరుగు, దూరం వెళ్లకు. వంద కిలోమీటర్లయ్యాక లాక్ విప్పి, ఆ కడ్డీ మీద మెరుపు ఎక్కడైనా వచ్చిందేమో చూసి బోల్టులు మళ్లీ బిగించు. మెరుపు ఉంటే నాకు ఫొటో పంపు, ఈసారైనా కింద నుంచి తీసి.

పాత సీటు ఎవరికీ ఇచ్చేయకు. దాని బోల్టులు రెండూ, వాషర్లతో సహా దాని కిందే కట్టి అటక మీద పెట్టు. బ్రాకెట్టు కుదరకపోతే పది నిమిషాల్లో మళ్లీ దాన్నే వేసుకుని ఆఫీసుకి వెళ్లొచ్చు. ఆదివారం ఖాళీగా ఉంటే సీటు పట్టుకుని ఇంటికి రా. కాటుక డబ్బా ఇప్పుడు మీ అత్త బీరువాలో దాచుకుంది, నువ్వు అడిగితే ఇస్తుంది.

ఇట్లు,
మామయ్య