రెండో డివిజన్ నుంచి వచ్చిన ఏడాదే బుండెస్‌లిగా (జర్మనీ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్) గెలిచిన జట్టు ఉందా?

ఉంది. ఒక్కటే: కైజర్స్‌లౌటర్న్, 1997–98 సీజన్‌లో.

1996లో ఈ జట్టు మొదటిసారి బుండెస్‌లిగా నుంచి కింది డివిజన్‌కు పడిపోయింది. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత వారం తిరగకుండానే జర్మన్ కప్ ఫైనల్లో కార్ల్స్‌రూహేను 1–0తో ఓడించింది. కోచ్‌గా వచ్చిన ఒట్టో రెహాగెల్ ఏడాదిలోనే జట్టును మళ్లీ పైకి తెచ్చాడు. ఈయన్నే 1996 ఏప్రిల్‌లో, యూరప్ క్లబ్బుల టోర్నీ అయిన యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ ముంగిట, జర్మనీ దిగ్గజ క్లబ్ బయర్న్ మ్యూనిక్ కోచ్ పదవి నుంచి తీసేసింది.

షెడ్యూల్ కూడా కథ రాసినట్టే కుదిరింది. కొత్త సీజన్ తొలి మ్యాచ్ మ్యూనిక్‌లో, అదే బయర్న్‌తో! ఆట చివర్లో డెన్మార్క్ ఆటగాడు మైకేల్ షోన్‌బెర్గ్ తలతో కొట్టిన గోల్‌తో 1–0. ఆ సీజన్‌లో బయర్న్‌తో సొంతగడ్డ మీద జరిగిన రెండో మ్యాచ్‌నూ 2–0తో గెలిచారు.

అదృష్టం అని కొట్టిపారేయడం నాకు సబబనిపించదు. నాలుగో రౌండ్‌లో పట్టిక పైకెక్కిన జట్టు చివరిదాకా దిగలేదు. ఒలాఫ్ మార్షల్ 21 గోల్స్ కొట్టాడు, మైదానం మధ్యలో సిరియాకో స్ఫోర్జా ఆట నడిపాడు. తర్వాత జర్మనీ కెప్టెన్ అయిన, అప్పటికింకా కుర్రాడైన మైకేల్ బల్లాక్ కూడా ఈ జట్టువాడే.

33వ రౌండ్‌లో వోల్ఫ్స్‌బర్గ్‌పై 4–0 గెలుపు, అటు డూయిస్‌బర్గ్‌లో బయర్న్ గోల్ లేకుండా డ్రా. టైటిల్ అక్కడే ఖాయమైంది. చివరి లెక్క: కైజర్స్‌లౌటర్న్ 68 పాయింట్లు, బయర్న్ 66.