మామగారి ఇల్లు మీ పేరున రాయించుకునే ముందు

ప్రశ్న: అక్కా, పెళ్ళయి డాలస్ వచ్చి మూడేళ్ళవుతోంది. మావారు హెచ్1బీ మీద ఉన్నారు. వచ్చినప్పటి నుంచీ మామగారి ఇంట్లోనే ఉంటున్నాం. ఇల్లు ఆయన పేరునే ఉంది, లోన్ తీరిపోయింది. ఆయనకు 79 ఏళ్ళు, సిటిజన్. అత్తయ్యగారు లేరు. పార్కిన్సన్స్ ముదురుతోంది. నర్సింగ్ హోమ్‌లో (మంచాన పడ్డ పెద్దవాళ్ళను ఉంచుకుని చూసుకునే చోట) చేర్చాల్సి వస్తే, ఆ ఖర్చు పెట్టే ప్రభుత్వ పథకం మెడికెయిడ్ వాళ్ళు ఇల్లు లాగేసుకుంటారని, ఇప్పుడే మా పేరున మార్పించుకోమని తెలిసినవాళ్ళంతా అంటున్నారు. బావగారు కూడా సరేనన్నారు. ఊళ్ళో ఆయనకు రెండెకరాల పొలం ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ మార్పించుకునే పని ఆపండి. నోటరీ దగ్గర ఇప్పటికే అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంటే కేన్సిల్ చేయండి. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు.

మీరు వచ్చి మూడేళ్ళే కాబట్టి మీకు తెలియకపోవడంలో తప్పేం లేదు. జీతం, టాక్సులు, ఇంటి లోను, వీసా స్టాంపింగ్ లాంటివన్నీ ఇక్కడ త్వరగానే వంటబడతాయి. పెద్దవాళ్ళు మంచాన పడితే నెలకెంత అవుతుంది, అది ఎవరు కట్టాలి అన్నది మాత్రం మన ఇంటిదాకా వస్తేనే తెలుస్తుంది. నేను 1997లో వచ్చాను. ఇన్నేళ్ళున్నా మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చేదాకా నాకూ మా తమ్ముడికీ ఇందులో ఓనమాలు తెలియవు.

2011లో వచ్చింది స్ట్రోక్. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట మాత్రం ఉంది. అప్పటికి ఆయన సిటిజన్. గుణదలలో స్థలం అమ్మిన డబ్బుతో ఇర్వింగ్‌లో చిన్న ఇల్లు కొనుక్కుని, ఒక గ్యాస్ స్టేషన్‌లో పదేళ్ళపైనే పనిచేసి, సొంతంగా మెడికేర్ (65 దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తెచ్చుకున్న మనిషి. మెడికేర్ ఉందిగా, ఇంకేం భయం అనుకున్నాం. మెడికేర్ చేసేది ఇంతే: ఆస్పత్రిలో కనీసం మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటే, ఆ తర్వాత నర్సింగ్ హోమ్‌లో 100 రోజుల వరకు చూస్తుంది. అందులో మొదటి 20 రోజులకే పూర్తిగా కడుతుంది. 21వ రోజు నుంచి రోజుకింత అని మన వాటా ఉంటుంది, 2025లో అది 209.50 డాలర్లు. అదైనా థెరపీ, నర్సింగ్ అవసరం ఉన్నంతవరకే. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం మెడికేర్ లెక్కలో వైద్యం కాదు.

మాకు వంద రోజులు కూడా రాలేదు. ఒక శుక్రవారం సాయంత్రం అక్కడి సోషల్ వర్కర్ పిలిచి, వచ్చే వారం నుంచి మీరే కట్టుకోవాలని కాగితం చేతిలో పెట్టింది. అప్పట్లోనే నెలకు ఐదు వేల డాలర్ల పైన. ఇప్పుడు చాలాచోట్ల ఎనిమిది, తొమ్మిది వేలు దాటింది. చాలామందికి ఈ ఖర్చు ఏళ్ళ తరబడి మోసే ప్రభుత్వ పథకం మెడికెయిడ్ ఒక్కటే. అది డబ్బు లేనివాళ్ళ కోసం పెట్టిన పథకం కాబట్టి, చాలా రాష్ట్రాల్లో చేతిలో 2,000 డాలర్లకు మించి ఉండకూడదంటుంది. టెక్సాస్‌లోనూ అంతే.

అప్పుడు మాకూ మీకు చెప్పినట్టే చెప్పారు, ఇల్లు పిల్లల పేరున రాయించేయమని. చెప్పినవాళ్ళంతా మంచివాళ్ళే, మన మేలు కోరేవాళ్ళే. తమ్ముడు ఇంటర్నెట్‌లో ఒక ఫారం తీశాడు. నాన్నగారు ఎడమచేత్తో, వణుకుతూ, తెలుగులో సంతకం పెట్టారు. నోటరీ ముద్ర వేశారు, కౌంటీ ఆఫీసులో రిజిస్టరైంది. పని అయిపోయిందని మాకెంత నిశ్చింతో!

మెడికెయిడ్ అప్లికేషన్‌లో గత ఐదేళ్ళలో ఏదైనా ఇచ్చారా, అమ్మారా, పేరు మార్చారా అని అడుగుతారు. 60 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు కూడా అడగొచ్చు. ఈ ఐదేళ్ళ నిబంధన 2006లో వచ్చిన ఫెడరల్ చట్టంతో గట్టిపడింది. ఊరికే ఇచ్చిన ఆస్తి విలువను ఆ రాష్ట్రంలో నర్సింగ్ హోమ్ సగటు ఖర్చుతో భాగిస్తారు. ఎన్ని నెలలొస్తే అన్ని నెలలు మెడికెయిడ్ కట్టదు. దీన్నే పెనాల్టీ అంటారు. ఉదాహరణకు ఇల్లు 2,40,000 డాలర్లు, సగటు ఖర్చు నెలకు 8,000 అనుకుంటే 30 నెలలు. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. ఆ 30 నెలలు ఇల్లు రాసిచ్చిన రోజు నుంచి మొదలవవని మాత్రం ఎవరూ చెప్పరు. మనిషి నర్సింగ్ హోమ్‌లో ఉండి, డబ్బంతా అయిపోయి, అప్లై చేసి, మిగతా అన్ని విధాలా అర్హత వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. అంటే చేతిలో పైసా లేని రోజు నుంచి!

మా లెక్క రెండున్నరేళ్ళు దాటింది. ఇల్లు మా పేరున ఉంది, నాన్నగారి పేరున ఏమీ లేదు, నెల తిరిగేసరికి బిల్లు మాత్రం వస్తోంది. అదే ఏడాది ప్రాపర్టీ టాక్స్ కూడా పెరిగింది. టెక్సాస్‌లో 65 దాటినవాళ్ళు సొంత ఇంట్లో ఉంటే స్కూల్ టాక్స్ పెరగకుండా ఆగిపోతుంది, పేరు మారగానే ఆ సౌకర్యం పోయింది. రెండు జీతాలున్నా సరిపోలేదు. చివరికి అమ్మ గాజులు నాలుగూ అమ్మాను. రాత్రి పదకొండింటికి వంటింట్లో కూర్చుని నేను వేసిన లెక్కలు మీరు వేయకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఎల్డర్ లా, అంటే పెద్దవాళ్ళ ఆస్తి, వైద్యం వ్యవహారాలు చూసే లాయరు దగ్గరికి వెళ్ళాక గాని దారి కనబడలేదు. ఆవిడ ముందు చేయించిన పని, ఇల్లు తిరిగి నాన్నగారి పేరునే పెట్టించడం. ఇచ్చింది మొత్తం వెనక్కి ఇచ్చేస్తే పెనాల్టీ కూడా పోతుంది. రెండో పని, ఇల్లు ఆయన పేరున ఉండగానే మెడికెయిడ్‌కు అర్హత చూపించడం. ఇక్కడే మనవాళ్ళంతా పొరబడతారు. ఉంటున్న సొంత ఇంటిని ఆ 2,000 డాలర్ల లెక్కలో వేయరు. నర్సింగ్ హోమ్‌లో ఉన్నా, మళ్ళీ ఇంటికి వెళ్ళాలన్నదే తన ఉద్దేశమని రాసి సంతకం పెడితే చాలు. ఒంటరి మనిషికైతే ఇంటి విలువలో అప్పు పోను మిగిలేదానికి ఒక పరిమితి ఉంది. 2025లో టెక్సాస్‌లో అది 7.30 లక్షల డాలర్లు, మరికొన్ని రాష్ట్రాల్లో 10.97 లక్షలు. మీ ఇల్లు ఎంత పలుకుతుందో చూసుకోండి. ఇళ్ళ ధరలు ఎక్కువున్న ఫ్రిస్కో వైపైతే చూసుకోవాల్సిందే.

మరి ఇల్లు లాగేసుకుంటారన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, 55 ఏళ్ళు దాటినవాళ్ళకు నర్సింగ్ హోమ్ కోసం పెట్టిన ఖర్చును, వాళ్ళు పోయాక వాళ్ళ ఆస్తి నుంచి రాష్ట్రాలు తిరిగి వసూలు చేయాలి. బతికుండగా ఎవరూ వచ్చి తాళం వేయరు. భార్యో భర్తో బతికున్నంత కాలం, 21 లోపు పిల్లలుంటే, ఏ వయసుదైనా అంగవైకల్యం ఉన్న సంతానం ఉంటే వసూలు చేయరు. టెక్సాస్‌లో ఈ వసూలు 2005 మార్చి 1 నుంచి మొదలైంది. మీకు కలిసొచ్చే సంగతి, టెక్సాస్ తన క్లెయిమ్‌ను ప్రొబేట్‌కు (పోయినవాళ్ళ ఆస్తిని కోర్టు ద్వారా వారసులకు అప్పగించే పద్ధతి) వచ్చే ఆస్తి మీదే వేస్తుంది. ప్రొబేట్‌కు రాకుండా నేరుగా వారసులకు దక్కే ఇంటి జోలికి రాదు.

అందుకే ఇక్కడ లేడీ బర్డ్ డీడ్ రాయిస్తారు. మా నాన్నగారికీ అదే రాయించాం. ఇల్లు ఆయన పేరునే ఉంటుంది. కావాలంటే అమ్ముకోవచ్చు, మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. ఆయన తదనంతరం మాత్రం అందులో రాసినవాళ్ళకు కోర్టుతో పనిలేకుండా వస్తుంది. బతికుండగా ఏమీ ఇవ్వనట్టే కాబట్టి ఐదేళ్ళ గొడవ లేదు, ప్రాపర్టీ టాక్స్ సౌకర్యం పోదు. ఇంకో లాభం కూడా ఉంది. ఆయన పోయిన రోజు విలువనే మీరు కొన్న ధరగా ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) తీసుకుంటుంది. బతికుండగా గిఫ్ట్‌గా తీసుకుంటే ఆయన ఎప్పుడో కొన్న ధరే మీ నెత్తిన పడి, అమ్మినప్పుడు లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ దంచుతుంది. ఇంత పని కొన్ని వందల డాలర్లతో అయిపోయేది. నాన్నగారు పోయాక ఖర్చు వసూలు గురించి ఉత్తరం రానే వచ్చింది. లాయరు ఆ డీడ్ కాపీ జతచేసి జవాబు రాసింది, అంతటితో సరి. ఇల్లు అమ్మి తమ్ముడూ నేనూ చెరిసగం తీసుకున్నాం.

టెక్సాస్‌తో పాటు ఫ్లోరిడా, మిషిగన్ లాంటి కొద్ది రాష్ట్రాల్లోనే ఈ డీడ్ చెల్లుతుంది. న్యూజెర్సీ ప్రొబేట్‌కు బయట ఉన్న ఆస్తి మీద కూడా వసూలుకు వస్తుంది. కాబట్టి అక్కడ ఎడిసన్‌లో మీ చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళు చెప్పేది మీకు, నేను చెప్పేది వాళ్ళకు పనికిరావు.

మీ ఇంటికి మరో దారి కూడా ఉండవచ్చు. నర్సింగ్ హోమ్‌లో చేరడానికి ముందు కనీసం రెండేళ్ళు అదే ఇంట్లో ఉండి, తన సేవ వల్లే తల్లో తండ్రో ఇంట్లో ఉండగలిగారని చూపగలిగిన కొడుకు గాని కూతురు గాని ఉంటే, ఇల్లు వాళ్ళకు పూర్తిగా రాసిచ్చినా పెనాల్టీ లేదు. చట్టంలో ఉన్నది కొడుకు, కూతురు. కోడలు లేదు. పొద్దున్నే మందులు వేసేది, చొక్కా బొత్తాలు పెట్టేది మీరేనని నాకు తెలుసు, మన ఇళ్ళలో ఎక్కడైనా అంతే. కానీ మీ వారు కూడా ఆ పని నిజంగా చేస్తూ ఉండాలి. డాక్టరు దగ్గరికి ఆయన వెళ్ళాలి, ఫైల్లో ఆయన పేరు ఉండాలి. ఇంట్లో చూసే మనిషి లేకపోతే నర్సింగ్ హోమ్ తప్పదని డాక్టరు రాసిన ఉత్తరం ఇప్పుడే తీసుకోండి. ఆ అడ్రసుతో ఉన్న మీ వారి లైసెన్సు, టాక్స్ రిటర్న్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఒకచోట పెట్టండి. రెండేళ్ళ తర్వాత వెతికితే దొరకవు.

పొలం సంగతి దాచకండి. ఇండియాలో ఉన్నది ఇక్కడెవరికి తెలుస్తుందని మనవాళ్ళకు ధీమా. అప్లికేషన్‌లో ఆస్తి అంటే ఎక్కడున్నా ఆస్తే, కింద పెట్టేది అబద్ధం చెబితే శిక్ష పడే సంతకం. అమ్ముకోగలిగిన పొలం ఉంటే ఆ 2,000 డాలర్ల గీత దాటినట్టే. ఇప్పుడు హడావిడిగా మేనకోడలి పేరున గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాయించినా అదీ ఐదేళ్ళ లెక్కలోకి వస్తుంది. మా నాన్నగారు స్ట్రోక్‌కు ముందే మా చిన్నాన్న కూతురికి పసుపుకుంకుమ కింద కొంత స్థలం రాసిచ్చారు. అది మెడికెయిడ్ కోసం ఇచ్చింది కాదని పెళ్ళిపత్రికతో సహా మేమే నిరూపించుకోవాల్సి వచ్చింది. ఈసీ, దస్తావేజు కాపీలు తెప్పించి అనువాదం చేయించాం, ఆ ఖర్చూ మాదే. మీ మామగారి పొలాన్ని అమ్మి, ఆ డబ్బు ఆయన వైద్యానికే, ఆయన ఇంటి మరమ్మతులకే పెడితే తప్పు లేదు, రసీదులుండాలి.

ఏడాదికి 19,000 డాలర్ల వరకు గిఫ్ట్ ఇవ్వొచ్చని ఎవరైనా అంటే, అది 2025కి ఐఆర్‌ఎస్ పెట్టిన గిఫ్ట్ టాక్స్ లెక్క. మెడికెయిడ్‌కు దాంతో సంబంధం లేదు. మనవడి పుట్టినరోజుకు ఇచ్చిన చెక్కు కూడా అడుగుతారు.

ఇల్లు మిగిలినా దాని ఖర్చు మీదే. మామగారికి వచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌లో ఆయన చేతిఖర్చుకు కొద్దిగా వదిలి, మిగతాదంతా నర్సింగ్ హోమ్‌కే పోతుంది. ఇన్సూరెన్స్, ప్రాపర్టీ టాక్స్, రూఫ్ రిపేరు మీ వారి జీతం నుంచే. ఎవరికైనా అద్దెకిస్తే ఆ అద్దె కూడా ఆయన ఆదాయమే. నెల ఆదాయం 2,901 డాలర్లు (2025 లెక్క) దాటితే టెక్సాస్‌లో ప్రత్యేకంగా ఒక ట్రస్ట్ పెట్టాలి, అది లాయరుకు కొట్టినపిండి. బావగారితో ఇప్పుడే కూర్చుని ఎవరు ఎంత భరిస్తారో కాగితం మీద పెట్టుకోండి. అన్నదమ్ములు బాగున్నప్పుడే ఆ మాట తేలిక.

అక్కడ భోజనం గురించి, ఆయన ఒంటరితనం గురించి కూడా మీకు బెంగ ఉంటుంది. పప్పన్నం డబ్బా పట్టుకెళ్ళనిస్తారు, రోజూ ఎవరో ఒకరు వెళ్ళండి.

ఇది చదువుతున్న మిగతావాళ్ళకు ఒక ముక్క. మీ అమ్మానాన్నలు ఇంకా గ్రీన్‌కార్డ్ మీదే ఉంటే ఈ లెక్కలు వేరు. ఫెడరల్ సాయానికి ఐదేళ్ళ ఆంక్ష, స్పాన్సర్ చేసిన మీ ఆదాయం వాళ్ళ ఆదాయంలో కలపడం లాంటివి ఉంటాయి. అర్హత రాగానే సిటిజన్‌షిప్ పరీక్ష రాయించండి.

మీ విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదమ్మా. పార్కిన్సన్స్‌లో మాట, మతి ఎప్పటిదాకా ఇలా ఉంటాయో చెప్పలేం. డీడ్‌లో ఇద్దరు కొడుకుల పేర్లూ రాయాలా, ఒక్కరిదేనా అన్నది మామగారే లాయరు ముందు తన నోటితో చెప్పాలి. మీ వారికో బావగారికో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆయనకు మతి తప్పినా ఆయన తరఫున సంతకాలు పెట్టే అధికారం), వైద్యానికి వేరే పవర్ ఆఫ్ అటార్నీ అదే రోజు రాయించేయండి. ఇండియాలో ఎప్పుడో రాసిన జీపీఏ ఉందని ఊరుకోకండి, ఇక్కడి బ్యాంకులో దాన్ని తోసిపుచ్చుతారు. లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంటి డీడ్, ఐదేళ్ళ స్టేట్‌మెంట్లు, పొలం పాస్‌బుక్ కాపీ, ఇండియా బ్యాంకులో ఆయన పేరున డిపాజిట్లుంటే ఆ రసీదులు పట్టుకెళ్ళండి. మొదటి కన్సల్టేషన్‌కు డబ్బు తీసుకుంటారు, ఇవ్వడానికి వెనకాడకండి.