సింధుకి, మినియాపొలిస్ బయల్దేరే ముందు

తెనాలి,
2025 జూలై 13, ఆదివారం

చిరంజీవి సింధుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి సగం మురిసిపోతూ, సగం వణికిపోతూ సంగతి చెప్పాడు. నీకు మినియాపొలిస్‌లో ఎల్‌ఎల్‌ఎం సీటు వచ్చిందని ఎప్పుడో తెలుసు. అక్కడికి వెళ్లాక, 2020లో ఆ ఊళ్లోనే పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కేసు విచారణ గురించి, ఆ దేశపు రాజకీయాల గురించి తెలుగులో వారం వారం రాస్తానని ఒప్పుకున్నావని మాత్రం నిన్ననే తెలిసింది. "నువ్వయినా వద్దని చెప్పు అన్నయ్యా" అన్నాడు. చెబుతాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను, మన ఇంట్లో రాసేవాళ్లు ఇంకొకరు తయారయ్యారని. కాబట్టి వద్దని చెప్పడం నా వల్ల కాదు. విదేశీ వార్తలు తెలుగు చేస్తూ డెస్క్ మీద ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి గనక నాలుగు మాటలు చెబుతాను, విను.

సామాన్ల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. చలికోటు మాత్రం ఇక్కడ కొనకు, ఇక్కడి కోటు అక్కడి చలికి చేతిరుమాలుతో సమానం.

నాకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది పోలీసుల గురించి. నవ్వకు. ఇక్కడ ట్రాఫిక్ పోలీసు ఆపితే ఏం చేస్తాం? బండి స్టాండు వేసి, దిగి, "సార్, సార్" అంటూ మనమే ఆయన దగ్గరికి నడుస్తాం. మనకది మర్యాద. అక్కడ అదే ప్రమాదం. కారులోనే కూర్చో. రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టు. బ్యాగులో చెయ్యి పెట్టాలంటే ముందు నోటితో చెప్పి, అప్పుడు పెట్టు.

2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలో మాడిసన్ అనే ఊళ్లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వెళ్లిన ఒక పెద్దాయన పొద్దున్నే కొడుకు ఇంటి వీధిలో నడుస్తున్నాడు. ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని ఒకరు ఫోన్ చేశారు. పోలీసులు వచ్చి అడిగితే ఆయన చెప్పగలిగింది "నో ఇంగ్లిష్" అనే. ఎత్తి నేలకేసి పడేశారు. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతింది. అంతా వీడియోలో ఉంది. అయినా ఆ పోలీసు మీద ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్రం కోర్టులో, రెండుసార్లు విచారణ జరిగితే రెండుసార్లూ జ్యూరీ ఒక్క మాట మీదికి రాలేదు. చివరికి జడ్జి అతన్ని విడిచిపెట్టేశారు.

2017లో మేం డల్లాస్ వెళ్లినప్పుడు మీ అన్నయ్య నా చొక్కా జేబులో ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కార్డు పెట్టాడు. పెడుతూ ఏమన్నాడో తెలుసా? "ఎవరైనా ఆపితే కార్డు తియ్యకు నాన్నా, జేబు వైపు చూపించు చాలు." నలభై రోజులు వాకింగ్‌లో ఆ జేబు తడుముకుంటూ నడిచాను. తియ్యకూడని కార్డు జేబులో పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

మీ నాన్న వణుకు వెనక మన ఆదోని అమ్మాయి జాహ్నవి ఉంది. 2023 జనవరిలో సియాటెల్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. 25 మైళ్లు దాటకూడని చోట 74 మైళ్ల వేగం. ఇంకో పోలీసు ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుంది, ఆ పిల్ల ప్రాణం విలువ అంతంతమాత్రమే అన్నాడు. ఆ మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. తర్వాత ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. కానీ గుద్దినవాడి మీద నేరం మోపడానికి సాక్ష్యం చాలదని అక్కడి ప్రాసిక్యూటర్ తేల్చారు. విచారణే లేదు. నువ్వు ఫ్లాయిడ్ కేసు గురించి రాసేటప్పుడు ఇది గుర్తుంచుకో. నువ్వు రాయబోయేది కోర్టు దాకా వెళ్లిన కేసు. వెళ్లనివి ఎన్నో.

ఇక రాతలోకి వస్తాను. మొదటి వారంలోనే మనవాళ్లకి ఒకటి విడమర్చి చెప్పు: అక్కడ మనకున్నట్టు డీజీపీ ఉండడు. పోలీసులు ఊరివాళ్లు, మేయర్ కింద పనిచేస్తారు. కేసు పెట్టాలా వద్దా అని చూసే కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటర్ ఓట్లతో గెలిచి వస్తాడు. రాష్ట్ర అటార్నీ జనరల్ కూడా అంతే. నువ్వు వెళ్లే మిన్నెసోటా రాష్ట్రంలో జడ్జీలకూ ఎన్నికలున్నాయి. ఇది తెలియకే, ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన పోలీసు షావిన్ గురించి మన వీధి చివర టీ కొట్టు దగ్గర "ట్రంప్ తల్చుకుంటే ఆ షావిన్ బయటికొచ్చేస్తాడు" అంటున్నారు. రాడు. ఫెడరల్ కోర్టు వేసిన 21 ఏళ్ల శిక్షను ప్రెసిడెంట్ మాఫీ చేయగలడు, రాష్ట్ర కోర్టు వేసిన ఇరవై రెండున్నర ఏళ్ల జోలికి వెళ్లలేడు. ఆ జైలు కాకపోతే ఈ జైలు.

ఇంకోటి. షావిన్ మీద మోపిన మూడు నేరాల్లో ఒకటి "థర్డ్ డిగ్రీ మర్డర్". దాన్ని అలాగే తెలుగులో రాస్తే మనవాళ్లకి ఏం తడుతుంది? లాకప్, లాఠీ, తలకిందులుగా వేలాడదీయడం. మన దగ్గర థర్డ్ డిగ్రీ అంటే అదే. అక్కడ అది హత్యానేరాల్లో మెట్టు, పై నుంచి మూడోది. 2021 ఏప్రిల్‌లో తీర్పు వచ్చినప్పుడు టీవీ కింద పరిగెత్తే అక్షరాలు చూసి మీ పెద్దమ్మ "పాపం, హింసలు కూడా పెట్టారా" అంది. ఆవిడ తప్పు కాదు. తెలుగు చేసినవాడు ఒక్క నిమిషం ఆగలేదు, అంతే.

విచారణ వీడియోలు మొత్తం దొరుకుతాయి. కరోనా మూలంగా జడ్జి కేహిల్ కోర్టులోకి కెమెరాలు రానిచ్చారు, అప్పట్లో అక్కడ అది మామూలుగా ఒప్పుకోని పని. ముక్కలు చూడకు, కూర్చుని మొత్తం చూడు. డిఫెన్స్ లాయరు నెల్సన్ వాదన కూడా చూడు, విసుగొచ్చినా. ఊపిరితిత్తుల డాక్టర్ టోబిన్ మెడ మీద చెయ్యి పెట్టి చూసుకోమని జ్యూరీకి చెబుతుంటే నేనూ ఇక్కడ తెనాలిలో నా మెడ తడుముకున్నాను. నన్ను బాగా పట్టుకున్న సాక్షి మాత్రం ఆ రోజు ఫ్లాయిడ్ వెళ్లిన కొట్టులో కౌంటర్ దగ్గర పనిచేసిన 19 ఏళ్ల కుర్రాడు. ఫ్లాయిడ్ ఇచ్చిన ఇరవై డాలర్ల నోటు దొంగదేమోనని అనుమానం వచ్చినా తీసుకున్నాడు. ఆ నోటు మీదే కొట్టువాళ్లు పోలీసుల్ని పిలిచారు. తీసుకోకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా అని సాక్షిబోనులో అన్నాడు. రాజకీయాలు ఎంతైనా రాసుకో, ఆ పిల్లాణ్ణి మాత్రం వదలకు.

మొదటి రోజు పోలీసులు ఇచ్చిన ప్రెస్ నోటు కూడా చూడు. పోలీసులతో వ్యవహారంలో ఉండగా అనారోగ్యం వచ్చి ఒక మనిషి చనిపోయాడని ఉంటుంది అందులో. "లాకప్‌లో అస్వస్థత" అనే ముక్క నేను ఎన్ని వందల సార్లు దిద్దానో. అందుకే ఆ నోటు చదివితే నాకది పరాయి దేశంలా అనిపించలేదు. దాన్ని అబద్ధం చేసింది, అక్కడే నిలబడి వీడియో తీసిన 17 ఏళ్ల పిల్ల చేతిలోని ఫోను. తర్వాత, పత్రికలవాళ్లకి పెద్ద బహుమతి ఇచ్చే పులిట్జర్ వాళ్లు ఆ పిల్లని ప్రత్యేకంగా గౌరవించారు. నాకు కొంచెం అసూయగానే ఉంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ నాన్నకి కూడా తెలియదు.

1992. నాకు ముప్పై నాలుగేళ్లు. అంతకు ముందు ఏడాది మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు లాఠీలతో కొట్టారు. ఎదురింటి బాల్కనీ నుంచి ఒకాయన వీడియో తీశాడు. కేసు పక్క కౌంటీలోని సిమి వ్యాలీకి మార్చారు. జ్యూరీలో ఒక్క నల్లవాడు లేడు. ఏప్రిల్ 29న తీర్పు: దాదాపు అన్ని అభియోగాల్లోనూ నలుగురు పోలీసులూ నిర్దోషులు. మనకప్పుడు ఏప్రిల్ 30 తెల్లవారుజాము. సాయంత్రం నేను డ్యూటీకి వెళ్లేసరికి టెలిప్రింటర్ కాగితం నేల మీద కుప్పగా పడి ఉంది. ఊరు తగలబడుతోంది. నా రక్తం ఉడికిపోయింది. ఎడిట్ పేజీకి వ్యాసం రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

వీడియో నేను చూడలేదు. చూసినా నాకు ఒకటే తెలుసు, అమెరికా అంటే దొంగ, ఆ దొంగ దొరికాడు. రాత్రంతా రాశాను. మొదటి పేరాలోనే "నడిరోడ్డు మీద కొట్టి చంపి" అని రాశాను. ఎందుకు రాశానో ఇప్పుడు చెప్పగలను. మన భాషలో "కొట్టి" అని రాస్తే "చంపి" దానంతట అదే వచ్చి పక్కన కూర్చుంటుంది. పైగా చావు ఉంటే వ్యాసానికి బరువు వస్తుంది. చేతి కింద ఉన్న కాపీలో ఎక్కడా చంపారని లేదు. నేను వెతకలేదు. డెస్క్ మీద ఎవరూ అడగలేదు.

మే 2న అచ్చయింది. పేపరు ఇళ్లల్లో పడే వేళకే ఆ మనిషి అక్కడ టీవీ కెమెరాల ముందు నిలబడి, గొంతు వణుకుతుంటే, మనమందరం కలిసి ఉండలేమా అని అడిగి ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ వార్త నా టేబుల్ మీదికే వచ్చింది. నేనే తెలుగు చేశాను. ముందురోజు పేపర్లో నేను చంపిన మనిషి, మర్నాడు మొదటి పేజీలో మాట్లాడాడు. ఒక్కరూ గమనించలేదు.

ఒక్కరు గమనించారు. వారం తర్వాత అవనిగడ్డ నుంచి పదిహేను పైసల కార్డు వచ్చింది. ఎవరో రిటైర్డ్ టీచరు. గుండ్రటి అక్షరాలు. "అయ్యా, మీ వ్యాసం బాగుంది. కానీ ఆ వ్యక్తి మాట్లాడగా నేను బీబీసీలో విన్నాను. మీరు చనిపోయాడని రాశారు. దయచేసి తెలియజేయగలరు." నేను తెలియజేయలేదు. సవరణ వేయమని అడగలేదు, ఆయనకు జవాబు రాయలేదు. పేరొచ్చిన మొదటి వ్యాసం, దాన్ని పాడుచేసుకోవడం ఇష్టం లేకపోయింది. కార్డు సొరుగులో పడేశాను. అమెరికా న్యాయం చచ్చిపోయిందని కూడా తేల్చేశాను కదా అందులో. ఏడాది తిరక్కుండానే ఫెడరల్ కోర్టులో ఆ నలుగురిలో ఇద్దరికి నేరం రుజువైంది. దాని గురించి మూడు పేరాల వార్త వేసి ఊరుకున్నాను.

2012 జూన్‌లో రాడ్నీ కింగ్ నిజంగానే పోయాడు, ఇంట్లో ఈతకొలనులో. ఆ రాత్రి షిఫ్టు ఇన్‌చార్జిని నేను. ఆ వార్త ఇచ్చిన ట్రైనీ కుర్రాడు అయోమయంగా వచ్చాడు. "సార్, ఈయన ఎప్పుడో చనిపోయాడు కదా? మన లైబ్రరీ ఫైల్లో అలాగే ఉంది" అన్నాడు. చేతిలో కటింగ్. కింద నా పేరు. ఇరవై ఏళ్లుగా ఆ ఫైల్లోంచి ఎంతమంది ఎత్తి రాశారో.

వాడికి చెప్పాను, అది నేను చేసిన తప్పని. కటింగ్ మీద ఎర్ర పెన్నుతో దిద్దాను. అవనిగడ్డ ఆయన అప్పటికి ఉన్నారో లేదో.

అందుకని నీ మీద కోప్పడాల్సింది ఒకటుంది. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్ని ఎన్‌కౌంటర్ చేసినప్పుడు, పోలీసుల మీద జనం పూలు చల్లుతున్న ఫోటో నువ్వు స్టేటస్ పెట్టావు. ఆర్నెల్లు తిరక్కుండానే ఫ్లాయిడ్ కోసం నల్ల చతురస్రం పెట్టావు. ఆ ఎన్‌కౌంటర్‌లో పోలీసులు చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చాక, పాత స్టేటస్ సంగతి నీకు గుర్తుందో లేదో. పద్దెనిమిదేళ్ల పిల్లవి, నిన్నేం అనను. నేనూ ఆ రోజు చూసి ఊరుకున్నాను కదా, అంత అనుభవం ఉండీ. నువ్వు రాసే వాటిలో ఎక్కడో ఒకచోట ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి రాయి. దూరపు దేశం మీద మనకు కోపం ఎందుకు అంత తేలిగ్గా వస్తుందో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు, నీకు అర్థమైతే చెప్పు.

నీకు నచ్చనివి కూడా రాయాలి. జ్యూరీ ఇంకా గదిలో చర్చిస్తుండగానే ప్రెసిడెంట్ బైడెన్ సరైన తీర్పు రావాలని ప్రార్థిస్తున్నానన్నాడు. తీర్పు న్యాయమైనదే అంటాను నేను, ఆ మాట మాత్రం అప్పుడు అనకుండా ఉండాల్సింది. షావిన్‌తో పాటు అక్కడున్న ముగ్గురు పోలీసుల్లో ఒకడు హ్మోంగ్ అనే ఆసియా జాతివాడు, ఇంకొకడి తండ్రి నల్లజాతివాడు. తెలుపు, నలుపు అని రెండు రంగుల్లో రాస్తే ఆ ఇద్దరూ ఎక్కడికి పోతారు?

వీసా గురించి మీ నాన్నకి టెన్షన్. గత నెల నుంచి విద్యార్థుల సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టమంటున్నారు కదా. కలం పేరు పెట్టుకోమని చెబుదామనుకుని ఈ పేరా రెండుసార్లు కొట్టేశాను. పెట్టుకుంటే నా ప్రాణం కుదుటపడుతుంది. పెట్టుకోకపోతే గర్వపడతాను. నువ్వే తేల్చుకో, కానీ వీసా స్టాంపు పడేదాకా ఒక్క ముక్క కూడా బయటికి రానివ్వకు. ఇది మాత్రం సలహా కాదు, ఆర్డరు.

కవర్లో రెండు కార్డులు పెడుతున్నాను. ఒకటి అవనిగడ్డ కార్డుకి జిరాక్స్, ఇంకు వెలిసిపోయింది గానీ చదవొచ్చు. రెండోది మీ అన్నయ్య డల్లాస్ అడ్రసు, ఫోన్ నంబరు. నా చేత్తో పెద్దక్షరాల్లో రాశాను. కోటు కొనగానే జేబులో వేసుకో. ఎవరైనా ఆపితే తియ్యకు.

మీ పెద్దమ్మ మాగాయ ఎండబెడుతోంది, వచ్చే ఆదివారం మీ నాన్న వస్తే పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న