మూడెకరాల ఊరి చెరువులో ఎన్ని చేపపిల్లలు వదలాలి?

మూడెకరాల చెరువు, మేత వెయ్యం, ఎన్ని పిల్లలు వదలాలి అని అడిగారు. ముందు ఇది చెప్పండి: ఏప్రిల్‌లో అందులో ఎన్ని నీళ్లుంటాయి? మన చిత్తూరు వైపు చెరువులు నిండేది అక్టోబరు, నవంబరు వానలకు. మొరవ పోయేటప్పుడు, అంటే చెరువు నిండి నీళ్లు పొర్లేటప్పుడు చూసి లెక్క కట్టినవాళ్లెవరూ బాగుపడలేదు.

పాకాల దగ్గర మా ఊరి చెరువును ఒకాయన వేలంలో పాడుకున్నాడు. నిండు చెరువు చూసి ముచ్చటపడి, ఆక్సిజన్ పట్టిన చేపపిల్లల కవర్లు వ్యాన్ల మీద దించుతానే పోయాడు. మార్చి చివరికి నీళ్లు తూము దగ్గరికి చేరాయి. చేపలు ఎదగడం లేదని ఒక సాయంత్రం ట్రాక్టరుతో పేడ తోలించాడు. ఆ రాత్రంతా మబ్బు, ఆకు కదల్లేదు. ఇంకా తెల్లారకముందే మా చిన్నాయన ఫోన్ చేసి, "రేయ్, కట్ట మీదికి రా, చేపలన్నీ నోళ్లు తెరుచుకోని పైకి వచ్చేస్తా ఉండాయి" అన్నాడు. పోయి చూస్తే నీళ్ల మీద ఎక్కడ చూసినా గుండ్రటి నోళ్లే. చెయ్యి పెట్టినా పక్కకు జరగడం లేదు. ముందు వెల్లకిలా తేలింది పెద్ద బొచ్చె (కట్ల) చేపలే. ఇంజను పెట్టి చెరువు నీళ్లే ఎత్తి చెరువులోకే చిమ్మించాం. ఎండ ఎక్కాక మిగిలినవి తేరుకున్నాయి.

పాడుకున్నాయన మాత్రం ఎవరో మందు కలిపారని ఊరినంతా తిట్టాడు. మందూ లేదు, మాకూ లేదు. రాత్రిపూట నాచు కూడా నీటిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది, కుళ్లే పేడ ఇంకొంత లాగేస్తుంది. పైన అన్నన్ని చేపలు.

నా లెక్క ఎకరాకు 2,000 వేలెడు పిల్లలు, అంతే. ఎకరా అంటే ఎండాకాలంలో మిగిలే ఎకరా. మీకు ఒక్క ఎకరాలోనే నీళ్లు మిగిలేట్టయితే 2,000 వదలండి, 6,000 కాదు. పైన మేసే బొచ్చె, మధ్యలో రోహు, అడుగున మృగాల కలిపి వెయ్యండి. చవగ్గా వస్తాయని అంగుళం పిల్లల్ని తెస్తే కొర్రమీనుకు మేత పెట్టినట్టే. పెద్దవైనవి ఎప్పటికప్పుడు పట్టి అమ్ముకుంటూ పోతే మిగిలినవాటికి ఊపిరి ఆడుతుంది.

యూట్యూబ్‌లో ఇంగ్లండ్ ట్రౌట్ చేపల చెరువులు చూసి మా పిల్లోడొకడు ఇక్కడా వేద్దామన్నాడు. దానికి చల్లనీళ్లు కావాలి నాయనా, నీలగిరుల్లో అయితే సరే, మన ఏప్రిల్‌కు ఎక్కడ తట్టుకుంటుంది! కానీ వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. గాలం వేసేవాళ్లు పట్టుకుపోయిన కొద్దీ, పెరిగిన చేపల్నే తెచ్చి కొన్ని కొన్ని వదులుతారు, ఒకేసారి కుమ్మరించరు.

ఇక జిలేబీ చేప (తిలాపియా) సంగతి. ఏ మహానుభావుడు వదిలాడో గానీ, అది లేని చెరువు మా చుట్టుపక్కల లేదు. మీరు ఎంత లెక్కగా వదిలినా అది పిల్లల మీద పిల్లల్ని పెట్టి మొత్తం తలకిందులు చేస్తుంది. చెరువు ఎండినప్పుడే గుంటల్లో మిగిలినవన్నీ వల వేసి పట్టేయండి. మా వైపు బేరగాళ్లు చిన్న జిలేబీలను చూస్తేనే మొహం తిప్పుకుంటారు.