గాలం కర్ర కోసం వాయిదాల్లో పడవచ్చా?

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. వయసు 47. నెలకు చేతికి రూ.36,000 వస్తాయి. ఇంటి అప్పు వాయిదా రూ.11,200, చిట్టీ రూ.4,000, అమ్మాయి ఇంటర్మీడియట్ చదువు, ఇంటి ఖర్చులు పోగా రెండు, రెండున్నర వేలు మిగులుతాయి. బంగారం కుదువ పెట్టి తెచ్చిన రూ.60,000 అప్పు ఇంకా ఉంది. చిన్నప్పుడు సాగర్ ఎడమ కాలువ మీద వెదురు గాలంతో చేపలు పట్టేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆదివారాలు వెళ్ళాలని ఉంది. హైదరాబాదులో ఒక దుకాణంవారు రూ.14,000కు కార్బన్ రాడ్, రీలు చూపించి, క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేకుండా తొమ్మిది వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారు. ఆన్‌లైన్‌లో రూ.999కే సెట్టు వస్తోంది కానీ, మా అక్క కొడుకు కొన్నది రెండో వారానికే పైముక్క విరిగింది. తక్కువ ధరలో ఎక్కువ కాలం మన్నేది ఏది? వాయిదాల్లో కొనడం తప్పా?

జవాబు: మీ ప్రశ్నలో రెండు విషయాలు ఉన్నాయి కనుక ముందు అప్పు సంగతి తేల్చి, తర్వాత కర్ర సంగతికి వస్తాను. వడ్డీ సున్నా అనేది వాస్తవంలో లేదనీ, వడ్డీని ప్రాసెసింగ్ రుసుములోనో మరో రూపంలోనో దాచి వసూలు చేయడం తగదనీ భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో, వడ్డీకి సరిపడే మొత్తాన్ని ముందుగానే తగ్గింపుగా చూపిస్తారు. కార్డు ఇచ్చిన బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలాసార్లు దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము మీ బిల్లులోకే వస్తాయి. ఒక్క నెల గడువు దాటిందంటే కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఆ దుకాణంవారినే "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి, వారు తగ్గించే మొత్తమే మీరు కట్టబోయే వడ్డీ.

అంతకంటే ముఖ్యమైనది మీ బంగారం అప్పు. దాని మీద ఎంత వడ్డీ పడుతున్నదో మీరు రాయలేదు. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు రూ.600 పోతున్నాయి. రూ.14,000ను తొమ్మిది నెలలకు పంచితే నెలకు సుమారు రూ.1,556 అవుతుంది, అంటే మీ మిగులులో సగానికి పైగా దానికే పోతుంది. అదే సొమ్మును ఆ తొమ్మిది నెలలూ బంగారం అప్పు అసలుకు జమ చేయిస్తే, ఆ తర్వాత ఏడాదికి రూ.1,680 వడ్డీ తగ్గుతుంది. నేను కింద సూచించబోయే కర్ర ధర ఇంచుమించు అంతే. అందువల్ల వాయిదాలు వద్దు. అలాగని గాలం వేయవద్దని నేను అనడం లేదు. నెలకు వెయ్యి చొప్పున నాలుగు నెలలు విడిగా పక్కన పెడితే మీకు కావలసినవన్నీ వస్తాయి.

ఇక కర్ర విషయం. నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం జలాశయం దగ్గర, మత్స్యకారుల సొసైటీ వారిని అడిగి, ఆదివారం పూట కూర్చునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కనుక ఇది లెక్కల పుస్తకంలోంచి చెబుతున్న మాట కాదు. మన చెరువుల్లో, జలాశయాల్లో గాలానికి ఎక్కువగా పడేవి రవ్వ, బొచ్చె, మృగాల, బంగారుతీగ, జిలేబి, అదృష్టం బాగుంటే కొర్రమీను. ఐదు కిలోల లోపు చేపకు పద్నాలుగు వేల కర్ర అవసరం లేదు. కార్బన్ కర్ర తేలికగా ఉంటుంది, చేప ముట్టగానే చేతికి తెలుస్తుంది. రోజంతా నిలబడి వందలసార్లు విసిరేవాళ్ళకు ఆ తేడా విలువైనదే. తవుడు ముద్దో, వానపామో గుచ్చి, బెండు వేసి కూర్చునే మీకు చేప ముట్టిన సంగతి బెండే చెబుతుంది. పైగా కార్బన్ రాతికి తగిలి చిన్న గాటు పడినా, ఆ చోట బలం తగ్గి, ఎప్పుడో బరువు పడినప్పుడు పుటుక్కున విరుగుతుంది. గాజునారతో చేసిన ఫైబర్ గ్లాస్ కర్ర కాస్త బరువు, కాస్త మెత్తన. కానీ దెబ్బలు ఓర్చుకుంటుంది, బాగా వంగినా తట్టుకుంటుంది, ధర తక్కువ. ఈ రెండింటినీ కలిపి చేసేవి కాంపోజిట్ కర్రలు. షేక్‌స్పియర్ కంపెనీ 1976లో అగ్లీ స్టిక్ పేరుతో తెచ్చిన కర్ర ఈ కోవలోదే, మన్నికకు పేరు పడింది. మీరు ఆ పేరునే వెతకనక్కరలేదు, ఆ రకం చూసుకుంటే చాలు.

మీ మేనల్లుడి కర్ర విరగడంలో ఆశ్చర్యం లేదు. అది బహుశా ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ కర్ర అయి ఉంటుంది. అటువంటి కర్రలో ఐదారు అతుకులు ఉంటాయి, ప్రతి అతుకూ ఒక బలహీన స్థానం. ఒడ్డు ఇసుక అందులోకి చేరితే ముక్కలు బిగుసుకుపోతాయి, బలవంతంగా లాగితే చీలుతాయి. సంచిలో పట్టేంత చిన్నదవుతుందనేదే దాని సుగుణం. మీకు నేను సూచించేది ఏడు అడుగుల పొడవు, రెండే ముక్కలు, మీడియం బలం ఉన్న ఫైబర్ గ్లాస్ లేదా కాంపోజిట్ కర్ర. విడదీస్తే మూడున్నర అడుగులే కనుక, మూడంగుళాల పీవీసీ పైపులో పెట్టి బండికి కట్టుకోవచ్చు. మార్కెట్లో ఇటువంటివి సుమారు రూ.1,500 నుంచి 2,000 మధ్య దొరుకుతాయి.

కొనేటప్పుడు తొందరపడకండి. పిడికి కాస్త పైన కర్ర మీద పొడవు, బలం, ఎంత బరువు విసరవచ్చో ముద్రించి ఉంటాయి; మీకు 10 నుంచి 30 గ్రాముల వరకు ఉన్నది సరిపోతుంది, ఆ వివరాలేవీ లేని కర్రను అక్కడే వదిలేయండి. రెండు ముక్కలూ కలిపి, తుపాకీ గురి చూసినట్టు పిడి వైపు నుంచి కొన దాకా చూస్తే, గాలం దారం దూరి వెళ్ళే రింగులన్నీ ఒకే వరసలో కనబడాలి. తర్వాత కాస్త దూదిని ఒక్కొక్క రింగులో దూర్చి చుట్టూ తిప్పండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుంటే ఆ రింగు లోపలి సిరామిక్ పూసలో పగులు ఉన్నట్టే, ఆ పగులు ప్రతి విసురుకూ తంగూసును, అంటే గాలం దారాన్ని, కోస్తుంది. రీలు బిగించే చోట నిజంగానే రీలు బిగించి ఊపి చూడండి, కదలకూడదు. కొనను వేళ్ళతో పట్టి వంచి పరీక్షించవద్దు. ఆ అలవాటు వల్ల కర్రలు దుకాణంలోనే దెబ్బతింటాయి. బలం చూడాలంటే రింగుల్లోంచి తంగూసు ఎక్కించి, అవతలి కొసను దుకాణం కుర్రాడికి ఇచ్చి, మీరు మెల్లగా ఎత్తండి.

మిగిలిన డబ్బులో పెద్ద వాటా రీలుకు పెట్టాలి, ఎందుకంటే కర్రలో కదిలే భాగం ఏదీ లేదు, అరిగేదంతా రీలులోనే. 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీలు, తంగూసు చుట్టుకునే స్పూలు లోహంతో చేసినది, రూ.1,500 దగ్గర చూడండి. తంగూసుకు రూ.300, గాలాలు, బెండ్లు, సీసం గుండ్లకు రూ.200, పైపుకు రూ.200. కర్రకు రూ.1,800 అనుకుంటే మొత్తం నాలుగు వేలు. రీలు మీద ఉండే డ్రాగ్ మరను, తంగూసు తెగే బరువులో మూడో వంతు దాటకుండా వదులుగా ఉంచితే పెద్ద చేప పడినప్పుడు తంగూసు జారుతుంది, కర్ర మీద భారం తగ్గుతుంది. అడుగున గాలం చిక్కుకున్నప్పుడు కర్రతో గుంజవద్దు, కర్రను తంగూసు సాగిన వైపే తిన్నగా చూపి, చేతికి గుడ్డ చుట్టుకుని తంగూసునే లాగండి. వారంటీ సాధారణంగా తయారీ లోపానికే వర్తిస్తుంది, చేతిలో విరిగినదానికి కాదు. అయినా బిల్లు మాత్రం దాచండి.

మీరు ప్రస్తావించని ఖర్చు ఒకటి ఉంది. మిర్యాలగూడ నుంచి సాగర్ దాకా బండి మీద వెళ్ళి వస్తే రెండు లీటర్ల పెట్రోలు, అంటే రూ.200 పైమాటే. నెలకు రెండుసార్లు వెళ్తే ఏడాదికి రూ.5,000 దాటుతుంది, ఎర, చాయ్, టిఫిను వేరు. అంటే ఈ సరదాలో పెట్టుబడి కంటే నడుపుకునే ఖర్చే ఎక్కువ. నెలకు రూ.700 అని ఒక హద్దు పెట్టుకుని, దగ్గరలోని ఊరి చెరువుకు మూడుసార్లు, సాగర్‌కు ఒకసారి అన్నట్టు సర్దుకుంటే మీ చిట్టీకి, బంగారం అప్పుకు ఇబ్బంది రాదు. చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాల చేతిలో ఉంటాయి, అందులో చేపపిల్లలు వారి జీవనాధారం; వారిని అడగకుండా గాలం వేయవద్దు, రుసుము అడిగితే ఆ రూ.700లోనే లెక్క వేసుకోండి. వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో జలాశయాల్లో వేట నిషేధం ఉంటుంది, దాన్ని మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కుని, కొనుగోలును ఆ తర్వాతకు పెట్టుకుంటే డబ్బు పోగుచేసుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. కాలువకు నీళ్ళు వదిలినప్పుడు దాని సిమెంటు లైనింగు మీదికి దిగవద్దు, పైన కరెంటు తీగలున్న చోట ఏ కర్రనూ ఎత్తవద్దు, కార్బన్ ఉన్నదాన్ని అసలే ఎత్తవద్దు. ఇల్లు మీ జీతం మీద ఆధారపడి ఉంది కదా.

ఏడాది తర్వాత ఒకసారి లెక్క చూడండి. ఆదివారాలు నిజంగానే నీటి ఒడ్డున గడుస్తూ ఉంటే, అప్పు తీరి బంగారం ఇంటికి వచ్చిన తర్వాత, అప్పటిదాకా నెలనెలా అప్పుకు కడుతూ వచ్చిన సొమ్మును మూడు నెలలు పక్కన పెట్టి నాలుగైదు వేలలో ఒక కార్బన్ కర్ర రొక్కానికి కొనుక్కోండి, అప్పటికి మీ చేతికి ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది. కర్ర మూలన పడి ఉంటే, దాన్ని మీ మేనల్లుడికి ఇచ్చేసి, నెలకు ఆ రూ.700ను అమ్మాయి డిగ్రీ ఫీజు పేరున పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.